ఒత్తే చేతులు

బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక మేడ మీది గది. చెప్పులు బయట విడిచి లోపలికి పోగానే చేతిలో ఒక కాగితం పెట్టారు. పేరు, వయసు, బీపీ ఉందా, షుగరుందా, ఈమధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా, ఎముక విరిగిందా, జ్వరమా, కాళ్ళలో రక్తం గడ్డ కట్టిందని డాక్టరు ఎప్పుడైనా చెప్పాడా. అన్నిటికీ టిక్కులు పెట్టుకుంటూ పోయాను. చివరి ప్రశ్నకు మాత్రం రెండు గీతల ఖాళీ వదిలారు: ఈ గంట నుంచి మీరేం ఆశిస్తున్నారు?

పదమూడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. ఎదుటివాడికి ఏం కావాలో అడిగి రాసుకోవడమే అందులో సగం. కస్టమర్‌కి ఏం కావాలో కస్టమర్‌కే తెలీదు అని మాలో మేము నవ్వుకుంటూ ఉంటాం. ఆ రోజు కస్టమర్‌ని నేనే. ‘మెడ నొప్పి తగ్గాలి’ అని రాసి ఇచ్చేశాను. అబద్ధం కాదు. ఎమ్మారై రిపోర్టులో సి5, సి6 అని ఏదో ఉంది, ఫోన్‌లో ఇప్పటికీ దాచుకున్నాను. కానీ ఆ రెండు గీతల ఖాళీ నన్ను ఆరు నెలలు వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఆ గంటలో ఏం జరుగుతుందో చెప్పాలి, మావాళ్ళలో చాలామంది అడిగారు కాబట్టి. షియాత్సు అంటే జపాన్ భాషలో వేలితో ఒత్తడం. షి అంటే వేలు, అత్సు అంటే ఒత్తిడి. మసాజ్ అనగానే మనకు నూనె, తువ్వాలు, మసక దీపాలు, ఎక్కడో సన్నగా వేణువు గుర్తొస్తాయి. ఇక్కడ నూనె లేదు. బట్టలు విప్పే పని లేదు. వదులుగా ఉండే కాటన్ బట్టలు వేసుకు రమ్మనీ, వచ్చే ముందు కడుపునిండా తినొద్దనీ ఫోన్‌లోనే చెప్పారు. నేల మీద మందపాటి పరుపు వేసి ఉంటుంది. ఒత్తే మనిషి మన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంటుంది.

నాకు చేసినావిడ మణిపూర్ మనిషి. యాభైకి దగ్గర పడి ఉంటుంది. నొప్పి మెడలో అని రాసిస్తే ఆవిడ పొట్ట దగ్గర మొదలుపెట్టింది. అరచెయ్యి ఆనించి, ఏదో వింటున్నట్టు కాసేపు అలాగే ఉంది. షియాత్సులో ఒక శాఖవాళ్ళు రోగం ఎక్కడుందో పొట్ట మీద చూస్తారట. తర్వాత బోర్లా పడుకోమంది. వెన్నుపూసకు అటూ ఇటూ బొటనవేళ్ళు ఆనించి, చేతి బలంతో కాకుండా ఒంటి బరువుతో మెల్లగా వాలుతుంది. నాలుగైదు సెకన్లు ఆగి, వాలినంత మెల్లగానూ లేస్తుంది. మళ్ళీ అంగుళం కింద. పిసకడం, చరచడం, రుద్దడం ఏమీ లేవు. ఆగడం, వాలడం, లేవడం. మొదటి పది నిమిషాలు విసుగొచ్చింది, ఇంతేనా అనిపించింది. తర్వాత ఎప్పుడు ఊపిరి ఆ వేళ్ళతో కలిసిపోయిందో తెలీలేదు. ప్రతి కొత్త చోటా, కాస్త గట్టిగా ఒత్తే ముందు, ఆవిడ ఒక మాట అడిగేది: ఎక్కువైందా?

ఇంకో సంగతి గమనించాను. ఒక చెయ్యి కదలదు. నడుము మీదో భుజం మీదో ఊరికే ఆనించి ఉంటుంది. రెండో చెయ్యే తిరుగుతుంది. అడిగితే, కదలనిది తల్లిచెయ్యి, తిరిగేది పిల్లచెయ్యి అని తమకు నేర్పుతారని చెప్పింది.

అరికాళ్ళ దగ్గరికొచ్చేసరికి నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. ఆలోచించి చేసింది కాదు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దావిడ నా కాళ్ళు పట్టుకోవడం... మన భాషలో ఆ మాటకున్న అర్థం మీకు తెలిసిందే. ఆవిడ నవ్వి, కావాలంటే వదిలేస్తానంది. వద్దులెండి, చేయండి అన్నాను. ఎందుకన్నానో కూడా ఒప్పుకోవాలి: గంటకు రెండువేల ఐదొందలు కట్టాను, అరికాళ్ళు కూడా అందులోనివే కదా అనుకున్నాను.

మెడ సంగతంటారా, రెండు రోజులు తేలిగ్గా ఉంది. ఆ రాత్రి బాగా నిద్రపోయాను. మర్నాడు భుజాలు కొంచెం సలిపాయి, అలా ఉండొచ్చని ముందే చెప్పారు. మూడో రోజు రిలీజ్ కాల్ అయ్యేసరికి మెడ మళ్ళీ దాని మామూలు స్థితికి వచ్చేసింది.

దీని వెనకున్న సిద్ధాంతం నాకు మింగుడు పడదు. ఒంట్లో ‘కి’ అనే ప్రాణశక్తి పారుతుందనీ, దానికి దారులుంటాయనీ, ఆ దారుల మీద కొన్ని చోట్ల ఒత్తితే అడ్డు తొలగి మళ్ళీ పారుతుందనీ అంటారు. కోసి చూసిన ఏ డాక్టరుకీ ఆ దారులు కనపడలేదు. జరిగిన పరిశోధనలు కూడా చిన్నవి, కొద్దివి. నొప్పికీ నిద్రకీ కొందరికి ఊరట ఉంటుందనే దాకా వెళ్ళొచ్చు, జబ్బు నయమవుతుందని ఎవరైనా అంటే లేచి వచ్చేయడం మంచిది. జపాన్‌లో అయితే ఈ పని చేయడానికి మూడేళ్ళు చదివి జాతీయ పరీక్ష పాసవ్వాలి. మన దేశంలో దీనికంటూ ప్రత్యేక లైసెన్సు ఏమీ లేదు, కాబట్టి ఎక్కడ నేర్చుకున్నారని అడగడం మన పని. రెండోసారి వెళ్ళినప్పుడు ఆవిణ్ణే అడిగేశాను, మీరు ఈ దారుల్ని నమ్ముతారా అని. నా చేతికి ఎక్కడ ఆగాలో తెలియడానికి ఒక పటం కావాలి కదా, అంది. నాకది చాలా నిజాయితీ ఉన్న జవాబుగా తోచింది. సిద్ధాంతం గొడవ అక్కడితో వదిలేశాను. నన్ను తినేస్తున్నది వేరే ఉంది.

షియాత్సు పుట్టుక గురించి జపాన్‌లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. తొకుజిరో నమికోషి 1905లో షికోకు దీవిలో పుట్టాడు. అతనికి ఏడేళ్ళప్పుడు కుటుంబం ఉత్తరాన హొక్కైదో దీవికి, చలి కొరికే ఒక పల్లెకు వలస పోయింది. తల్లికి కీళ్ళవాతం పట్టుకుంది. ఆ పల్లెలో వైద్యుడు లేడు. పిల్లలు వంతులు వేసుకుని తల్లి ఒళ్ళు నిమిరేవాళ్ళు, ఒత్తేవాళ్ళు. వాళ్ళలో తొకుజిరో చేతులే హాయిగా ఉన్నాయని తల్లి అనేదట. ఎక్కడ వేడిగా ఉంది, ఎక్కడ బిగిసింది అని ఆ పిల్లవాడు వేళ్ళతోనే కనిపెట్టి అక్కడ ఒత్తుతూ పోయాడు. తల్లి కోలుకుంది. అతను పెద్దయ్యాక 1925లో హొక్కైదోలో చికిత్సాలయం తెరిచాడు, 1940లో టోక్యోలో బడి పెట్టాడు. 1954లో మార్లిన్ మన్రో జపాన్ వచ్చి జబ్బు పడితే పిలిపించింది ఇతన్నే. 1955లో జపాన్ చట్టంలోకి షియాత్సు అనే మాట ఎక్కింది, 1964లో దాన్ని మిగతా మర్దన పద్ధతుల నుంచి వేరుగా గుర్తించారు. 2000లో పోయాడు. షియాత్సు మనసు తల్లి ప్రేమలాంటిదని ఆయన జీవితమంతా చెప్పుకొచ్చాడు.

చదువుతున్నప్పుడు నాకొకటి తట్టింది. కథలో ఒత్తింది కొడుకు, ఒత్తించుకున్నది తల్లి. ప్రచారంలోకి వచ్చేసరికి తిరగబడి, ఒత్తేవాళ్ళు తల్లి అయిపోయారు, డబ్బిచ్చి పడుకున్నవాడు బిడ్డ అయిపోయాడు. వ్యాపారానికి అదే బాగుంటుంది మరి. ఎవరి ఒళ్ళో ఒత్తడానికి ఎవడూ డబ్బు కట్టడు.

నేనూ ఆ బిడ్డ వేషం కోసమే వెళ్ళానా అని అనుమానం. మెడ నొప్పి తగ్గాలి అన్నది పైకి రాసిన మాట. ఒంటరిగా ఫ్లాట్‌లో ఉంటాను. ఆలోచిస్తే, ఆ గదికి వెళ్ళే ముందు నా ఒంటి మీద ఇంకో మనిషి చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో చెప్పలేను. బ్లడ్ టెస్టుకు వచ్చే కుర్రాడిదీ, సెలూన్‌లో అతనిదీ లెక్కలోకి తీసుకోకపోతే.

సెలూన్ అనగానే మా ఊరు చెప్పాలి.

మాది మడకశిరకు దగ్గరి పల్లె. పేరుకు ఆంధ్రా, మూడు పక్కలా కర్ణాటక. సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. మా వైపు రైతులకు జపాన్ అంటే కార్ల కంటే ముందు పట్టుపురుగు. జపాన్ వాళ్ళ సాయంతో 1990లలో నడిచిన బైవోల్టిన్ పథకం మాటలు నా చిన్నప్పుడు అరుగుల మీద వినపడేవి. హిందూపురం మార్కెట్లో గూళ్ళు కొనేవాళ్ళు గూడును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కి చూసి ధర చెప్పేవాళ్ళు. వేలికి తెలివి ఉంటుందనే సంగతి నాకు అక్కడే తెలుసు, నమికోషి కథలో కొత్తగా నేర్చుకున్నదేం కాదు.

మా జేజికి రాత్రిపూట కాళ్ళు లాగేవి. పగలంతా చెనిక్కాయల చేలో కూర్చుని జరిగి జరిగి పీకిన కాళ్ళు అవి. ‘రొంతసేపు కాళ్ళు ఒత్తురా నాయనా’ అని పిలిచేది. నేను పుస్తకం అడ్డం పెట్టుకునేవాణ్ణి. అర్ధరూపాయి ఇస్తానంటే వెళ్ళేవాణ్ణి. ఒత్తుతూ ఒత్తుతూ లెక్క పెట్టేవాణ్ణి, వందకు ఆపేయాలని. ఆమెకు అది తెలుసు. తొంభై దాకా కళ్ళు మూసుకుని, తొంభై దాటగానే ‘ఇంగో కాలు?’ అనేది. ప్రేమతో చేసే స్పర్శ, డబ్బుకు చేసే స్పర్శ అని రెండు గీతలు గీసి మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఆ అర్ధరూపాయి గుర్తొస్తుంది. అది ఏ గీత కిందికి వస్తుందో ఇప్పటికీ తేల్చుకోలేను.

తాత సంగతి వేరు. తాతకు ఒత్తడానికి మనిషి ఉండేవాడు. పదిహేను రోజులకోసారి గడ్డం చేయడానికి, జుట్టు కత్తిరించడానికి ఒక పెద్దాయన మా ఇంటికొచ్చేవాడు. పని అయ్యాక నూనె రాసి తల మర్దనా చేసేవాడు, మెడ పట్టేవాడు, భుజాలు పిసికేవాడు, చివర్న వేళ్ళు ఒక్కొక్కటే లాగి పటపటమనిపించేవాడు. తాత కళ్ళు మూసుకుని ఊఁ, ఊఁ అనేవాడు. అంత సుఖం ఆ మొహంలో ఇంకెప్పుడూ చూడలేదు. ఆ కుటుంబం చేతులు మా ఊళ్ళో ప్రతి ఒంటినీ తాకినవే. ఆయన తల్లి మంత్రసాని. మా నాయనను ఈ లోకంలో మొదట ముట్టుకున్నది ఆమె చెయ్యే. పెళ్ళిళ్ళకు సన్నాయి వాళ్ళదే. చావుకు గుండు వాళ్ళదే.

ఆయనకు కూలి రోజుకింతని లేదు. పంట రోజుల్లో కళ్ళంలో మేర కొలిచేవాళ్ళు. నాకు బాగా గుర్తున్నది ఆయన కాఫీ గ్లాసు. మా పంచలో పందిరి గుంజ పక్కన గూట్లో బోర్లించి ఉండేది. ఆయనే తీసుకుని, తాగి, కడిగి, ఆయనే బోర్లించేవాడు. అరగంట ముందు మా తాత నెత్తి మీద తిరిగిన చేతులవి. ఏడెనిమిదేళ్ళ వాణ్ణి, ఆయన్ని ఒరేయ్ అనకపోయినా, ‘ఏమప్పా, రా, కూర్చో’ అని పేరుతో పిలిచేవాణ్ణి. మా నాయన కంటే పెద్దాయనను. ఎవరూ తప్పని చెప్పలేదు.

బిల్డింగుల్లో ఉండే కుర్రాడికి ఇదంతా పాతకాలపు కథలాగా అనిపిస్తుందేమో. నేను చెబుతున్నది టీవీలో క్రికెట్ చూస్తున్న కాలం సంగతి.

తెలుగులో తాకడానికి ఎన్ని మాటలున్నాయో ఒకసారి రాసి చూసుకున్నాను. అంటు, ముట్టు అనేవి రెండు పాత మాటలు. అంటుకోవడం అంటే తగలడం, ముట్టుకోవడం అన్నా అంతే. మరి ‘అంటు’ అని ఒక్కమాటగా అంటే మైల. ‘ముట్టు’ అంటే బహిష్టు. రోగమైతే అంటురోగం, మనిషైతే అంటరానివాడు. తాకుడుకు మనం పెట్టుకున్న పేర్లే మైలకు పేర్లయిపోయాయి. ఇలాంటి భాష మాట్లాడే పిల్లవాడు పెరిగి పెద్దయి, ఒక పరుపు మీద పడుకుని, తాకితే ఆరోగ్యం అని నమ్మడానికి డబ్బు కడుతున్నాడు.

సుందర్ సరుక్కై అనే తత్త్వవేత్త, బెంగళూరులోనే పనిచేసినవాడు, గోపాల్ గురుతో కలిసి 2012లో ‘ద క్రాక్డ్ మిర్రర్’ అని ఒక పుస్తకం వేశాడు. అందులో అంటరానితనం మీద ఆయన వ్యాసం చదివాక ఆ గ్లాసు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. చూపుకూ తాకుడుకూ ఉన్న తేడా దగ్గర ఆ ఆలోచన మొదలవుతుంది. తనను చూడనివాణ్ణి కూడా చూడొచ్చు. తాకకుండా మాత్రం తాకించుకోలేం, తాకించుకోకుండా తాకలేం. ముట్టుకోలేకపోవడం అనేది ముట్టుకోనివాడి లోపం, దాన్ని ఎదుటివాడి ఒంటి మీద రుద్దేశారు అనేది నాకు అర్థమైన సారం. అలాగైతే మా తాత ఆ పెద్దాయనను ఒక్కసారైనా ముట్టుకున్నాడా? చర్మానికి చర్మం తగిలింది, పదిహేను రోజులకోసారి, నలభై ఏళ్ళపాటు. అయినా నా జవాబు లేదనే. తాత తల ఆయన చేతుల కింద ఉంది, అంతవరకే. తాత చెయ్యి లేచి ఆయన భుజం మీద పడింది ఎప్పుడూ చూడలేదు.

పోతన భాగవతంలో కుబ్జ కథ మనందరికీ తెలుసు. కృష్ణుడు మధురలో అడుగుపెట్టి వీధిలో పోతుంటే మూడు చోట్ల వంకర తిరిగిన ఒళ్ళున్న స్త్రీ, మైపూతల గిన్నె పట్టుకుని ఎదురవుతుంది. ఆమె కంసుడి దాసి. చందనాలు, లేపనాలు తయారుచేసి రాజు ఒంటికి పంపడం ఆమె పని. కృష్ణుడు అడిగితే ఇచ్చేస్తుంది. అప్పుడతను ఆమె పాదాల మీద తన పాదం మోపి, రెండు వేళ్ళు గడ్డం కింద పెట్టి పైకెత్తితే ఒళ్ళు నిటారవుతుంది. చిన్నప్పుడు హరికథలో విన్నప్పుడు ఇది మహిమ కింద లెక్క. ఇప్పుడు చదివితే మొదట కళ్ళకు పడేది ఆ రెండు వేళ్ళు. ఇతరుల ఒళ్ళకు సుఖం తయారుచేసే మనిషిని తిరిగి ఒకడు ముట్టుకున్నాడు, అదీ నడివీధిలో, అందరూ చూస్తుండగా. (తర్వాతి శృంగారం మాట వ్యాఖ్యాతలకు వదిలేస్తున్నాను.) ఆమెకు వంకర ఎలా వచ్చిందో నాకు తెలీదు కానీ, ధర్మవరంలో గుంటమగ్గం మీద ముప్పై ఏళ్ళు వంగినవాళ్ళ వెన్ను చూశాను. ఒత్తేవాళ్ళ నడుములు కూడా అలాగే పోతాయట. మణిపూర్ ఆవిడే చెప్పింది. బొటనవేలి కీళ్ళు ముందు అరుగుతాయి, తర్వాత నడుము. మరి మీకెవరు చేస్తారని అడిగాను. పక్క గదిలో అమ్మాయీ నేనూ ఆదివారం రాత్రి ఒకరికొకరం చేసుకుంటాం అంది.

జపాన్‌ది కూడా పూర్తిగా తల్లీబిడ్డల కథ కాదు. షియాత్సుకు ముందు అక్కడ ‘అన్మ’ అనే మర్దన ఉండేది, శతాబ్దాలపాటు. ఎదో పాలనాకాలంలో అది ఎక్కువగా గుడ్డివాళ్ళ వృత్తి. 17వ శతాబ్దంలో సుగియమ వాయిచి అనే అంధ వైద్యుడు షోగున్‌కు చికిత్స చేసి, గుడ్డివాళ్ళకు సూదివైద్యం, మర్దన నేర్పే బళ్ళు పెట్టించాడు. వాళ్ళకొక సంఘం ఉండేది, మెట్లు మెట్లుగా హోదాలుండేవి. 1871లో ప్రభుత్వం ఆ సంఘాన్ని రద్దు చేసింది. రాత్రిపూట చిన్న పిల్లనగ్రోవి ఊదుకుంటూ వీధుల్లో తిరిగేవాళ్ళట, ఒళ్ళు నొప్పులున్నవాళ్ళు విని పిలుచుకునేవాళ్ళు. చూడలేనివాళ్ళకు ఒక బతుకుతెరువు ఏర్పరచడం గొప్ప సంగతే. దానికి ఇంకో వైపు, ఒత్తించుకునే దొరకు తనను చూడలేని మనిషి ఎంత సౌకర్యమో ఆలోచించండి. మేము ఆ పెద్దాయనకు కళ్ళు లేనట్టే నడుచుకున్నాం, ఆయనకు రెండు కళ్ళూ బాగానే ఉన్నా.

డబ్బిచ్చి కొనుక్కునే స్పర్శ అన్నిటికంటే నాసిరకమని నేను చాలాకాలం అనుకున్నాను. ఇంట్లోవాళ్ళ చెయ్యి మొదటిది, ఊరి ఆచారం రెండోది, గంటకింతని కొన్నది చివరిది. ఇప్పుడు ఆ వరస మీద నాకు నమ్మకం లేదు. మణిపూర్ ఆవిడకు వద్దనే హక్కుంది. వాళ్ళ గోడ మీద రాసి ఉంది: అసభ్యంగా ప్రవర్తిస్తే మధ్యలో ఆపేస్తాం, డబ్బు వాపసు ఇవ్వం. చదవగానే నాకు చిన్నతనంగా అనిపించింది, నన్నే అన్నట్టు. తర్వాత తెలిసొచ్చింది, మా పెద్దాయనకు ఆ ఒక్క వాక్యం ఏ గోడ మీదా లేదని. ఆయన ‘ఈరోజు రాలేనప్పా’ అన్న రోజు కళ్ళంలో మేర తగ్గేది. జేజి కాళ్ళు ఒత్తనన్న రోజు నాకు ఏ నష్టమూ లేదు, ఒక అర్ధరూపాయి తప్ప. వద్దు అనగలిగినవాడు చేసినదే పని. మిగతాది ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

అలాగని డబ్బును నెత్తిన పెట్టుకోలేను. నాకు ఆ గది ఎందుకు నచ్చిందో నాకు తెలుసు. లేచి, నీళ్ళు తాగి, ఫోన్‌తో స్కాన్ చేసి, చెప్పులేసుకుంటే అయిపోయింది. ఆవిడ బొటనవేలు ఏమైందో నాకు అక్కర్లేదు. ఆవిడ పేరు మూడోసారి దాకా అడగలేదు. తాత కూడా ఆ పెద్దాయనకు ఏమీ బాకీ లేననే అనుకున్నాడు, మేర కొలిచాం కదా అని. గ్లాసు లేదు, గూడు లేదు, ఏకవచనం లేదు. ఆ మేరకు మారాం. కానీ అరికాళ్ళు కూడా రెండువేల ఐదొందల్లోనివే అని ఆ రోజు నా తలలో మెదిలిన లెక్క మాత్రం తాతదే.

ఒక మనిషి డబ్బు కట్టి పడుకున్నప్పుడు న్యాయంగా ఏం ఆశించవచ్చు? నేర్చుకున్న చెయ్యి. శుభ్రత. అడిగి చేయడం. ఆ గంటసేపు ధ్యాస తన మీదే ఉండటం. ఈ చివరిది చిన్న సంగతేం కాదు, గంటసేపు ఫోన్ చూడకుండా నా మీద ధ్యాస పెట్టిన మనిషి నాకు ఇంకెవరూ లేరు. తల్లిని మాత్రం ఆశించకూడదు. బోర్డు మీద తల్లి అని రాసినా సరే. ఆవిడ ఇంఫాల్‌లో వదిలి వచ్చిన పిల్లలకు తల్లి, నాకు కాదు. ఇంతవరకు నాకు స్పష్టంగానే ఉంది. తేలనిది ఇంకో వైపుది. నేను ఒత్తాల్సిన చోట నేనేం చేశాను?

పోయిన సంక్రాంతికి ముందు మా నాయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క. మొదట హిందూపురం, అక్కణ్ణుంచి బెంగళూరు. నెల తర్వాత ఇంటికి తీసుకుపోయాం. మడకశిర నుంచి ఒక ఫిజియోథెరపీ కుర్రాడు వారానికి నాలుగు రోజులు బైకు మీద వచ్చి చెయ్యి, కాలు ఆడిస్తాడు. ఆ పెద్దాయన మనవడేమో అని ఆశపడి అడిగాను. కాదు, వాళ్ళది రొళ్ళ అన్నాడు. కథల్లో అయితే అయ్యుండేవాడు. మిగతా పనులకు ఒక ఆయమ్మను పెట్టాం. ఇద్దరికీ నెల మొదటి తారీఖున ఫోన్ నుంచే డబ్బు పంపుతాను. ఆలస్యం చేయను. నెలకోసారి ఊరికి పోయినప్పుడు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, మందులు చూసి, రిపోర్టులు చూసి, టీవీ సౌండ్ తగ్గించి వచ్చేస్తుంటాను. నాయనను ముట్టుకోవడం నాకు అలవాటు లేదు. పదో తరగతి పాసైనప్పుడు భుజం మీద చెయ్యి వేశాడు, అదే లెక్క.

ఏప్రిల్‌లో ఒక రాత్రి కరెంటు పోయింది. ఆయమ్మ ఇంటికెళ్ళిపోయింది. అమ్మ నిద్రపోయింది. ఆరుబయట మంచం మీద నాయన మెలకువగానే ఉన్నాడు. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏం తోచిందో, ఒక చెయ్యి మోకాలి కింద ఆనించి, రెండో చేతి బొటనవేలితో అరికాలు ఒత్తడం మొదలుపెట్టాను. ఆవిడ చేసినట్టే, వాలి, నాలుగైదు సెకన్లు ఆగి, లేచి. కాలు వెనక్కి లాక్కుంటాడేమో అనుకున్నాను. లాక్కోలేదు. నాకు ధైర్యం వచ్చింది. మడమ, పిక్క, మోకాలి వెనక. ఎంతసేపో తెలీదు, ఈసారి లెక్క పెట్టలేదు.

‘ఎక్కువైందా నాయనా?’ అన్నాను.

‘ఆ కాలు తెలీదురా. ఎడం కాలు ఒత్తు’ అన్నాడు. మాట ఇంకా ముద్దగానే వస్తుంది ఆయనకు.

‘మరి ఇంతసేపు చెప్పలేదే?’

‘నువ్వు ఒత్తుతా ఉండేది కనపడతా ఉండ్లా’ అన్నాడు.

లేచి అటుపక్కకు పోయి కూర్చున్నాను.